అప్రైజల్‌లో ‘కమ్యూనికేషన్, టీమ్‌వర్క్ మెరుగుపడాలి’ అని రాశారు. స్పోకెన్ ఇంగ్లీష్‌లో చేరాలా?

తమ్ముడూ, నువ్వు అడిగింది ఇది. ఒంగోలు దగ్గర మెకానికల్ చదివావు, మార్కులు బాగానే వచ్చాయి. ఎనిమిది నెలల కిందట చెన్నై ఒరగడంలో ఒక ఆటో పార్ట్స్ కంపెనీలో జీఈటీగా, అంటే గ్రాడ్యుయేట్ ఇంజినీర్ ట్రైనీగా చేరావు. మొదటి రివ్యూలో టెక్నికల్‌కి మంచి రేటింగ్ ఇచ్చి, కింద ‘కమ్యూనికేషన్, టీమ్‌వర్క్ మెరుగుపడాలి’ అని ఒక్క ముక్క రాసి వదిలేశారు. నీతో చేరిన ఇంకో కుర్రాడికి నీకంటే సబ్జెక్ట్ తక్కువే, కానీ గలగలా మాట్లాడతాడు, కొత్త ప్రాజెక్ట్ వాడికే ఇచ్చారు. స్పోకెన్ ఇంగ్లీష్‌లో చేరాలా, తమిళం నేర్చుకోవాలా, లేక ఇదంతా ఆఫీసు రాజకీయమేనా అన్నది నీ టెన్షన్.

నాది నాయుడుపేట. చెన్నై వచ్చి 22 ఏళ్ళు. అంబత్తూరులో రేకుని నొక్కి పార్టులు చేసే ఒక ప్రెస్ షాప్‌లో మొదలుపెట్టి, శ్రీపెరంబుదూరు వైపు రెండు కంపెనీలు మారి, ఇప్పుడు ఒక డిజైన్ టీమ్ చూస్తున్నాను. ప్రతి ఏడాదీ నీలాంటి పదీ పన్నెండు మంది పిల్లల రివ్యూ ఫారాలు నేనే నింపుతాను. నువ్వు బాధపడుతున్న ఆ ఒక్క ముక్క నేనూ చాలామందికి రాశాను. రాసేటప్పుడు మా మనసులో ఏముంటుందో చెప్తాను. ఇంగ్లీష్ ఉండదు. ‘వీడికి తెలిసిన విషయం, తెలియాల్సిన మనిషికి టైమ్‌కి చేరట్లేదు’ అన్న చిరాకు ఉంటుంది. దాన్ని అలా విడమరిచి రాయకుండా ‘కమ్యూనికేషన్’ అని రాసేస్తాం. అది మా బద్ధకం. మాకే కమ్యూనికేషన్ రాదన్నమాట.

కాలేజీలో ఇది ఎవరూ నేర్పరు. కాగితం మీద మాత్రం ఉంటుంది. ఇంజినీరింగ్ కోర్సులకి గుర్తింపు ఇచ్చే ఎన్‌బీఏ తరఫున మన దేశం 2014లో వాషింగ్టన్ అకార్డ్‌లో, అంటే ఒకరి ఇంజినీరింగ్ డిగ్రీలని ఇంకొకరు గుర్తించే దేశాల ఒప్పందంలో, శాశ్వత సభ్యురాలైంది. ఆ లెక్కన ఇంజినీరింగ్ పూర్తిచేసినవాడికి ఉండాల్సిన ప్రోగ్రామ్ అవుట్‌కమ్స్ అంటూ కాలేజీ గోడలకి ఫ్రేములు కట్టి తగిలించారు. నువ్వూ చూసే ఉంటావు. అందులో టీమ్‌లో పనిచేయడం ఉంది, కమ్యూనికేషన్ ఉంది. ఇక అసలు సంగతికొస్తే, ఫైనల్ ఇయర్ ప్రాజెక్టులో నలుగురి బ్యాచ్ ఉంటుంది, ఒకడు చేస్తాడు, ఒకడు బైండింగ్ చేయిస్తాడు, మిగతా ఇద్దరు వైవా రోజు కనిపిస్తారు. ఆ చేసినవాడు నువ్వే అయ్యుంటావని నా అనుమానం. అలాంటివాళ్ళే ఉద్యోగంలో చేరాక ఈ ముక్క రాయించుకుంటారు. నేనూ ఆ బాపతే.

నా మొదటి దెబ్బ చెప్తాను. అంబత్తూరులో చేరి రెండేళ్ళయింది. తమిళం నాకు బాగానే వచ్చేసిందనే అనుకునేవాణ్ణి, ఎందుకంటే సగం మాటలు మనవే. ఒక కొత్త పార్ట్‌కి ట్రయల్ డై, అంటే ప్రెస్‌లో రేకుని ఆకారానికి తెచ్చే అచ్చు, తయారవుతోంది. దాంట్లో రేకుని గుద్దే ఒక పంచ్ మార్చాలి, ట్రయల్‌కి ఇంకా రెండు వారాలు టైముంది. డ్రాయింగ్ పట్టుకుని, డైలు చేసే టూల్ రూమ్‌కి వెళ్ళాను. ఫోర్‌మన్ పెద్దాయన, నాకంటే పాతికేళ్ళు పెద్ద. డ్రాయింగ్ చూసి ‘అవసరమా సార్?’ అని అడిగాడు. ఈ మార్పు నిజంగా కావాలా అని అడుగుతున్నాడనుకున్నాను. కొంచెం పౌరుషం కూడా వచ్చింది, నా డిజైన్‌నే అడుగుతాడా అని. ‘అవసరమే’ అన్నాను గట్టిగా.

తమిళంలో అవసరం అంటే తొందర, అర్జెంటు. మన ‘అవసరం’కి వాళ్ళు వాడే మాట ‘అవసియం’. ఆయన అడిగింది ‘అర్జెంటా?’ అని. నేను చెప్పింది ‘అర్జెంటే’ అని, అదీ గట్టిగా.

పాపం ఆయన, మిషన్ మీద పదును పెట్టించుకుంటున్న ప్రొడక్షన్ డై పంచ్‌ని దింపి పక్కన పెట్టి, నా పని ఎక్కించాడు. ఆ ప్రొడక్షన్ డై రాత్రి షిఫ్ట్‌కి ప్రెస్ మీదికి వెళ్ళాల్సింది. వెళ్ళలేదు. రాత్రంతా ఆ ప్రెస్ ఖాళీ. మర్నాడు పొద్దున కస్టమర్ దగ్గర పార్టులు తగ్గాయి, ఫోన్లు మొదలయ్యాయి. పదిన్నరకి మా ప్లాంట్ మేనేజర్ ముందు నేనూ ఫోర్‌మనూ నిలబడి ఉన్నాం. నేను అర్జెంట్ అనలేదని నేను, అన్నాడని ఆయన. ఇద్దరం నిజమే చెప్తున్నాం! మేనేజర్‌ది కోయంబత్తూరు, వాళ్ళింట్లో తెలుగు మాట్లాడతారు. అసలు సంగతి ఆయనకే వెలిగింది. నవ్వాడు గానీ, ఆ నవ్వు నాకేం హాయిగా అనిపించలేదు.

ఆ తర్వాత రిటైరయ్యే దాకా ఆ ఫోర్‌మన్ నన్ను చూస్తే చాలు, ‘అవసరమా, అవసియమా?’ అని అడిగేవాడు. నేను తేదీ చెప్పేవాణ్ణి. అప్పటినుంచి ఎవరికి పని చెప్పినా ‘అర్జెంట్’ అన్న మాటే వాడను. ‘గురువారం సాయంత్రం నాలుగుకి కావాలి, ఎందుకంటే శుక్రవారం ట్రయల్’ అంటాను. తేదీకి ఏ భాషలోనైనా ఒకే అర్థం.

ఇది భాష వల్ల వచ్చిన చిక్కేగా అంటావేమో. ఇద్దరం తెలుగువాళ్ళమే అయినా జరిగేది. ఆయన ప్రశ్నకి నేను జవాబు చెప్పానే గానీ, నా జవాబుతో ఆయన ఏం చేయబోతున్నాడని అడగలేదు. ‘సరే, అయితే ఇప్పుడేం చేస్తారు?’ అని ఒక్క మాట అడిగుంటే, ‘ఆ పంచ్ దింపేస్తాను’ అనేవాడు, అక్కడితో ఆగిపోయేది. విమానాల్లో పైలట్‌కి కంట్రోల్ టవర్ ఏదైనా ముఖ్యమైన ఆదేశం ఇస్తే, పైలట్ ఆ ముక్కే తిరిగి చదివి వినిపించాలి. విన్నాను అంటే సరిపోదు. షాప్ ఫ్లోర్‌లో కూడా అలా తిరిగి చెప్పించుకోవచ్చు, కాస్త మర్యాదగా. ‘నేను సరిగ్గా చెప్పానో లేదో, ఒకసారి మీరు చెప్పండి అన్నా’ అంటే ఎవరూ తప్పు పట్టరు.

రెండో తప్పు నా బద్ధకం వల్ల జరిగింది. ఒక అమెరికన్ కస్టమర్ డ్రాయింగ్. అమెరికాలో థర్డ్ యాంగిల్ ప్రొజెక్షన్, మనకి కాలేజీలో నేర్పేది ఫస్ట్ యాంగిల్. కుడివైపు నుంచి చూసిన బొమ్మని వాళ్ళు కుడిపక్కన గీస్తారు, మనం ఎడమపక్కన. డ్రాయింగ్ ఏ పద్ధతిలో ఉందో టైటిల్ బ్లాక్‌లో చిన్న కోన్ గుర్తు చెప్తుంది. నేను ఒక చిన్న వెండర్‌కి కోట్ కోసమని వ్యూస్ వరకే కత్తిరించి బొమ్మ పంపాను. టైటిల్ బ్లాక్ పోయింది, దాంతో గుర్తూ పోయింది. కోట్‌కి పంపిన ఆ బొమ్మతోనే వాళ్ళు శాంపిల్స్ చేసేశారు. బ్రాకెట్ అద్దంలో చూసినట్టు తిరగబడి వచ్చింది. ఎడమవైపు ఉండాల్సిన చెవి కుడివైపు. అక్కడి కుర్రాడికి అనుమానం వచ్చిందట, ‘పెద్ద కంపెనీ వాళ్ళు పంపింది, తప్పుండదులే’ అనుకున్నాడట. పెద్ద కంపెనీ అంటే అక్కడ నేను, మధ్యాహ్నం భోజనానికి ఆలస్యమవుతోందని తొందరలో ఉన్న నేను.

ఇలాంటివి చిన్నవాళ్ళకే జరుగుతాయనుకోకు. 1999 సెప్టెంబర్ 23న నాసా వాళ్ళ మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అనే అంతరిక్ష నౌక అంగారకుడి దగ్గరికి వెళ్ళి నాశనమైంది. ఒక బృందం సాఫ్ట్‌వేర్ థ్రస్టర్ల (నౌకని నెట్టే చిన్న ఇంజిన్ల) లెక్క పౌండ్-సెకన్లలో ఇచ్చింది, తీసుకున్న బృందం న్యూటన్-సెకన్లు అనుకుంది. తేడా దాదాపు నాలుగున్నర రెట్లు. 226 కిలోమీటర్ల ఎత్తున వెళ్ళాల్సింది 57 కిలోమీటర్ల దాకా దిగిపోయింది. యూనిట్ల కథ అందరికీ తెలుసు, పరీక్షల్లో కూడా అడుగుతారు. తక్కువమంది చెప్పేది ఇంకోటి. దారి లెక్కలు చూసే ఇంజినీర్లకి ఆ అంకెల్లో ఏదో తేడా ఉందని ముందే అనుమానం వచ్చింది. ఈమెయిల్స్‌లో అనుకున్నారు. సమస్యని అధికారికంగా నమోదు చేసే పద్ధతి ఒకటుంది, అందులో పెట్టలేదు. ఎవరి పేరు మీదా పడని సమస్య కాబట్టి ఎవరూ తేల్చలేదు.

నేను మా టీమ్‌లో కొత్తగా చేరినవాళ్ళకి చెప్పేది మాత్రం దీనికంటే పాత కథ. 1981 జూలై 17న అమెరికాలో కాన్సాస్ సిటీ హయత్ రీజెన్సీ హోటల్ లాబీలో, గాల్లో వేలాడుతున్న నడవాలు కూలి 114 మంది చనిపోయారు. రెండో అంతస్తు నడవా సరిగ్గా నాలుగో అంతస్తు నడవా కిందే ఉండేది. రెండింటినీ పైకప్పు నుంచి ఉక్కు రాడ్లతో వేలాడదీశారు. మొదటి డిజైన్‌లో ఒకే పొడుగు రాడ్ పైనుంచి కింది నడవా దాకా వస్తుంది, ఒక్కో నడవా దాని నట్ మీద అది కూర్చుంటుంది. అంత పొడుగు రాడ్‌కి, నాలుగో అంతస్తు నట్ ఎక్కాలంటే, కింది నుంచి అక్కడిదాకా మరలు కోయాలి. కష్టం, పైగా నిలబెట్టేటప్పుడు ఆ మరలు దెబ్బతింటాయి. ఉక్కు భాగాలు తయారుచేసే ఫ్యాబ్రికేషన్ వాళ్ళు ఒక రాడ్‌ని రెండు చేశారు. పైకప్పు నుంచి నాలుగో అంతస్తు నడవాకి ఒకటి, ఆ నడవా దూలం నుంచి కింది నడవాకి ఇంకొకటి.

చూడ్డానికి ఏమీ తేడా లేదు కదా? ఇక్కడ మా అమ్మమ్మ ఇంట్లో ఉట్టిని గుర్తు తెచ్చుకుంటాను. ఒకే తాడుకి పైన ఒక ముడి వేసి పెరుగు కుండ, కింద ఇంకో ముడి వేసి నెయ్యి కుండ వేలాడదీస్తే, ఏ ముడి మీద ఆ కుండ బరువే. అలా కాకుండా నెయ్యి ఉట్టిని తీసుకొచ్చి పెరుగు ఉట్టి అడుగున కట్టావనుకో. దూలం మోసే బరువు మారలేదు. పై తాడు మోసే బరువూ మారలేదు. మారింది పెరుగు ఉట్టి ముడి ఒక్కటే, దాని మీద ఇప్పుడు రెండు కుండలు. హోటల్లో కూడా నాలుగో అంతస్తు నట్ మీద బరువు రెండింతలైంది. అసలు డిజైనే అక్కడి బిల్డింగ్ కోడ్ అడిగిన బలంలో 60 శాతం మాత్రమే ఉందని తర్వాత విచారణలో తేలింది. దాని మీద ఈ మార్పు.

ఈ లెక్క సెకండ్ ఇయర్ కుర్రాడు వేస్తాడు. అంత పెద్ద ఇంజినీర్లు ఎందుకు వేయలేదు? మార్పు గురించి ఫోన్‌లో అడిగాం, సరేనన్నారు అని ఫ్యాబ్రికేషన్ వాళ్ళు చెప్పారు. మాకలాంటి ఫోన్ రాలేదని డిజైన్ వాళ్ళు. షాప్ డ్రాయింగ్స్, అంటే తయారీకి గీసిన బొమ్మలు, డిజైన్ ఆఫీసుకి వెళ్ళాయి, ముద్ర పడి తిరిగి వచ్చాయి. ఆ జాయింట్ లెక్క వాళ్ళు వేస్తారని వీళ్ళు, వీళ్ళు వేశారని వాళ్ళు. చివరికి డిజైన్ బాధ్యులైన ఇద్దరు ఇంజినీర్ల లైసెన్సులు రద్దయ్యాయి. నేను రివ్యూలో ‘టీమ్‌వర్క్’ అని రాసేటప్పుడు నా తలలో ఉండేది ఆ నట్. అందరితో కలిసి టీకి వెళ్తావా, ఆయుధ పూజ రోజు మిషన్లకి బొట్టు పెట్టడానికి వచ్చావా అన్నది కాదు. నీ పనికీ పక్కవాడి పనికీ మధ్య ఉన్న జాగా ఎవరిది అని అడుగుతావా లేదా, అంతే. మనుషులు పెరిగేకొద్దీ ఆ జాగాలూ పెరుగుతాయి. ఐదుగురు ఉంటే ఇద్దరిద్దరి జతలు 10. పన్నెండు మంది అయితే 66.

ఇక చెడ్డ కబురు సంగతి. ‘అయిపోయిందా?’ అని అడిగితే మనవాళ్ళు ‘అయిపోయినట్టే సార్’ అంటారు. ఆ ‘నట్టే’లో ఎన్ని రోజులు దాక్కుని ఉంటాయో నాకు బాగా తెలుసు, నేనూ అలాగే అనేవాణ్ణి. ‘చూద్దాం’ అంటే కాదని, ‘చేద్దాం’ అంటే ఇప్పుడు కాదని మనకి మనకి అర్థమవుతుంది. జర్మన్ కస్టమర్‌కో కొరియన్ మేనేజర్‌కో అర్థం కాదు, వాళ్ళు దాన్ని ఒప్పుకోలు కింద రాసుకుంటారు. ఆలస్యమైతే అయిందని మొదటి రోజే చెప్పు. ‘నాలుగు రోజులు లేటు, కారణం మెటీరియల్, రేపటికల్లా వేరే వెండర్‌ని అడిగి చెప్తాను’. మంగళవారం చెప్పిన ఆలస్యం సమస్య, శుక్రవారం చెప్పిన ఆలస్యం తప్పు. నేనైతే రెండోదానికే రివ్యూలో రాస్తాను.

మా ఊరికి దగ్గర్లోనే శ్రీహరికోట. 1979 ఆగస్టు 10న అక్కడి నుంచి ఎస్‌ఎల్‌వీ-3 మొదటి ప్రయోగం విఫలమై రాకెట్ బంగాళాఖాతంలో పడింది. మిషన్ డైరెక్టర్ కలాం గారు. విలేకరుల ముందు మాత్రం ఇస్రో ఛైర్మన్ సతీష్ ధావన్ గారు కూర్చుని, బాధ్యత తన మీద వేసుకున్నారు. 1980 జూలై 18న రెండో ప్రయోగంలో రోహిణి ఉపగ్రహం కక్ష్యలోకి వెళ్ళింది, ఆ రోజు ప్రెస్ ముందుకి కలాం గారిని పంపారు. ఈ కథని అందరూ నాయకుడి గొప్పతనం కింద చెప్తారు. నాకు మధ్యలో ఉన్న ఆ పదకొండు నెలల మీద ఆసక్తి. తల తీసేస్తారన్న భయం ఉన్నచోట ఎవరైనా ఫెయిల్యూర్ రిపోర్ట్ ఉన్నదున్నట్టు రాస్తారా? అయితే అందరు మేనేజర్లూ ధావన్‌లు కారు. నీ మేనేజర్ అరిచే రకమైతే, చెడ్డ కబురు నోటితో చెప్పి, వెంటనే రెండు లైన్ల మెయిల్ కూడా పెట్టు. అది నిన్ను కాపాడటానికి కూడా, అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు.

ఆపరేటర్ల గురించి ఒకటి చెప్పాలి. శ్రీపెరంబుదూరులో ఒక వెల్డింగ్ ఫిక్స్చర్ (వెల్డింగ్ చేసేటప్పుడు పార్టుని కదలకుండా పట్టుకునేది) అరిగిపోయిందని కొత్తది చేయించాం. డ్రాయింగ్ ప్రకారం అచ్చుగుద్దినట్టు చేయించాం. మొదటి రోజు నుంచే రిజెక్షన్. పాత ఫిక్స్చర్ మీద వచ్చిన పార్టులు కొలత సరిచూసే గేజ్‌లో చక్కగా కూర్చునేవి, కొత్తదాని మీదవి కూర్చోవు. మూడు రోజులు కొలతలు తీశాం, నలుగురు ఇంజినీర్లం, రెండు ల్యాప్‌టాప్‌లు. నాలుగో రోజు అక్కడ పనిచేసే ఒకావిడ ‘పాతదాంట్లో పెట్టే అట్టముక్క దీంట్లో పెట్టలేదే’ అంది. రెండేళ్ళుగా లొకేటర్ (పార్టుని సరైన చోట ఆపే ముక్క) కింద ఒక రేకు ముక్కని అట్టలో చుట్టి ఎత్తు సరిచేసే షిమ్‌లా పెడుతున్నారు, షిఫ్ట్ నుంచి షిఫ్ట్‌కి నోటి మాటగా నడుస్తోంది. అసలు తప్పు మా డ్రాయింగ్‌లోనే ఉంది, వాళ్ళు దిద్దుకున్నారు. ఎందుకు చెప్పలేదని అడిగితే ‘ఎవరూ అడగలేదు’ అంది. ఆవిడ జీతం నా జీతంలో ఎన్నో వంతో ఇక్కడ రాయను. అప్పటినుంచి డ్రాయింగ్ మార్చే ముందు లైన్ దగ్గరికి వెళ్ళి ‘దీంతో మీకెక్కడ ఇబ్బంది?’ అని అడగందే నేను సంతకం పెట్టను. అడిగి వెంటనే వెళ్ళిపోకూడదు, కాసేపు నిలబడాలి. రెండో నిమిషంలో గానీ అసలు మాట బయటికి రాదు.

నీ పక్క కుర్రాడి సంగతి. గట్టిగా మాట్లాడేవాడికి ముందు పేరు రావడం నిజమే, కాదనను. మా దగ్గరా అన్యాయాలు జరుగుతాయి, నేనూ చేశాను. కానీ ఒకసారి గమనించు. వాడు బాగా మాట్లాడతాడా, లేక నాలుగు డిపార్టుమెంట్లలో ఎవరిని అడిగితే పని అవుతుందో వాడికి తెలుసా? రెండోదైతే వాడి దగ్గర నేర్చుకోవాల్సింది ఉంది. మొదటిదే అయితే ఒక ప్రాజెక్ట్ పూర్తయ్యేసరికి తేలిపోతుంది, కంగారు పడకు.

స్పోకెన్ ఇంగ్లీష్ క్లాసుకి డబ్బు పెట్టొద్దు. నీ ప్రశ్న రాసిన తీరు చూస్తే నీకు రాయడం వచ్చు. మెయిల్‌లో మొదటి లైన్‌లోనే ఎవరు, ఏం, ఎప్పటికి చేయాలో పెట్టు, కథ తర్వాత. డ్రాయింగ్ పంపితే రివిజన్ నంబర్ లేకుండా పంపకు, ముక్కలు కత్తిరించి అస్సలు పంపకు. ఫోన్‌లో ఏదైనా ఒప్పుకుంటే పెట్టేసిన ఐదు నిమిషాల్లో ‘ఇందాక అనుకున్నది ఇది’ అని రాసి పెట్టు. ఎక్కడైనా ఇరుక్కుంటే ఒక పూట నీ అంతట నువ్వు కొట్టుకో, అప్పటికీ తేలకపోతే అడుగు. చాలామంది తెలివైన పిల్లలు నాలుగు రోజులు మూసుకుని కూర్చుని ఐదో రోజు అడుగుతారు. తెలియదని ఒప్పుకోవడం నామోషీ అనుకుంటారు. టాపర్లకి ఈ జబ్బు మరీ ఎక్కువ.

తమిళం మాత్రం నేర్చుకో, అదీ ఇంగ్లీష్ కంటే ముందు. ముందు అంకెలు, తర్వాత ‘ఎవ్వళవు’ (ఎంత), ‘ఎప్పో’ (ఎప్పుడు), ‘ఎంగే’ (ఎక్కడ), ‘ఏన్’ (ఎందుకు). మూడు నెలల్లో షాప్ ఫ్లోర్‌కి సరిపడా వచ్చేస్తుంది. తప్పులు మాట్లాడితే వాళ్ళు నవ్వుతారు, నవ్వి సరిదిద్దుతారు. ఒకలాగే వినిపించే మాటల దగ్గరే జాగ్రత్త, వేరుగా ఉన్నవాటి దగ్గర ఎలాగూ అడుగుతావు.

ఇదంతా మొదలుపెట్టే ముందు ఒక పని చెయ్యి. సోమవారం మీ మేనేజర్ దగ్గరికి వెళ్ళి, ‘సార్, కమ్యూనికేషన్ అని రాశారు కదా, ఏ సందర్భం గుర్తొచ్చి రాశారు?’ అని అడుగు. వాదించడానికి వెళ్ళట్లేదని ముందే చెప్పు. ఒక డ్రాయింగో, ఒక మీటింగో, సమాధానం ఇవ్వని ఒక మెయిలో ఉంటుంది. అదేమిటో తెలిశాక మళ్ళీ ఇక్కడ రాయి, మిగతాది అప్పుడు మాట్లాడుకుందాం.